అరకు ఎక్స్‌ప్లెయినర్: ఆఫర్ లెటర్ వస్తే సరిపోతుందా? ఆరో నెల జీతం దాకా నిలబడాలంటే ఏం కావాలి?

* జాబ్ మేళాలో ఉద్యోగం రావడం వేరు.. ఆ ఉద్యోగంలో నిలబడటం వేరు
* 1999లో హైదరాబాద్‌లో పుట్టిన ఒక పద్ధతి కెన్యా దాకా వెళ్లింది
* మన్యం యువతకు అందులో ఏది పనికొస్తుంది? ఏది మార్చుకోవాలి?

అరకు, పాడేరు, చింతపల్లి.. ఏజెన్సీలో ఎక్కడ జాబ్ మేళా పెట్టినా సీన్ ఒకటే. ఫైళ్లు పట్టుకుని క్యూలో నిలబడ్డ కుర్రాళ్లు, అమ్మాయిలు. సాయంత్రానికి కొందరి చేతిలో ఆఫర్ లెటర్లు. అధికారులతో గ్రూప్ ఫొటో. మర్నాడు పేపర్లో 'ఇంతమందికి ఉద్యోగాలు' అని వార్త.

ఆ తర్వాత ఏం జరిగిందనేది మాత్రం వార్త కాదు. హైదరాబాద్‌కో, బెంగళూరుకో, శ్రీసిటీకో వెళ్లినవాళ్లలో ఆరో నెల జీతం ఎంతమంది అందుకున్నారు? పండక్కి ఇంటికొచ్చి మళ్లీ బస్సెక్కనివాళ్లు ఎందుకు ఎక్కలేదు? అసలు ప్రశ్నలు ఇవి.

వీటికి సమాధానాలు ఎక్కడో విదేశీ యూనివర్సిటీల్లో వెతకక్కర్లేదు. యువతకు ఉపాధి శిక్షణ ఇస్తున్న స్వచ్ఛంద సంస్థలు పాతికేళ్లుగా నేర్చుకున్నవే చాలా ఉన్నాయి. అవి మన్యం దాకా, మన్యానికి తగ్గట్టుగా చేరుతున్నాయా అన్నదే సమస్య.

టీచర్ పోస్టు అనే దారి ఇరుకైంది

ముందు మన్యంలో పరిస్థితి చూద్దాం. చాలాకాలం పాటు ఇక్కడ చదువుకున్నవాళ్లకు కళ్లముందు కనిపించిన ఉద్యోగం ఒకటే.. టీచర్. దానికి కారణం జీవో నెంబర్ 3. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని స్కూళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలంటూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వు అది. ఇంటర్ అయ్యాక టీచర్ ట్రైనింగ్, ఆ తర్వాత డీఎస్సీ. ఊళ్లో అన్న వెళ్లిన దారిలోనే తమ్ముడూ వెళ్లాడు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. 100 శాతం రిజర్వేషన్ చెల్లదని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు షరతులతో రక్షణ ఇచ్చింది. ఆ జీవోకు బదులుగా మరో చట్టం తేవాలన్న డిమాండ్ మన్యంలో ఇప్పటికీ గట్టిగా వినిపిస్తోంది.

ఆ పోరాటం సంగతి ఎలా ఉన్నా, డిగ్రీ చేతికొచ్చిన కుర్రాడు ఇవాళే ఒక నిర్ణయం తీసుకోవాలి. టీచర్ పోస్టు అయితే ఏం చదవాలో, ఎవర్ని అడగాలో ఊళ్లో తెలుసు. రిటైల్ స్టోర్, ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్, ఫ్యాక్టరీ లైన్, హోటల్ ఫ్రంట్ డెస్క్.. ఈ ఉద్యోగాల్లో మొదటి రోజు ఎలా ఉంటుందో చెప్పే అన్నలు, అక్కలు గూడెంలో తక్కువ. అందుకే బయటి నుంచి ఆ అనుభవం రావాలి.

1999లో హైదరాబాద్‌లో ఏం జరిగింది?

డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1996లో మొదలైంది. 1999లో ఆ సంస్థ హైదరాబాద్‌లో 'లాబ్స్' అనే కార్యక్రమం పెట్టింది. అంటే లైవ్లీహుడ్ అడ్వాన్స్‌మెంట్ బిజినెస్ స్కూల్. పేరు పెద్దది కానీ వచ్చేది బస్తీల్లో చదువు మధ్యలో ఆగిపోయిన యువత. దాదాపు మూడు నెలల ట్రైనింగ్.

ఇందులో కొత్తేంటి? అప్పటిదాకా శిక్షణ అంటే ముందు కోర్సు పెట్టి, తర్వాత ఉద్యోగం వెతకడం. లాబ్స్ ఈ వరుసను తిరగేసింది.

ముందు మార్కెట్‌కు వెళ్లారు. ఏ షాపుకు, ఏ ఆసుపత్రికి, ఏ కంపెనీకి ఎలాంటి మనుషులు కావాలో అడిగి తెలుసుకున్నారు. తర్వాత బస్తీకి వెళ్లి, ఆ ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్పారు. వచ్చినవాళ్లతో మాట్లాడి, ఎవరికి ఏ పని సరిపోతుందో చూశారు. పని నైపుణ్యంతో పాటు ఇంగ్లీష్, కంప్యూటర్, నలుగురిలో మాట్లాడటం, టైమ్‌కి రావడం, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం.. ఇవన్నీ నేర్పారు. ఉద్యోగం వచ్చాక కూడా టచ్‌లో ఉన్నారు.

ఇప్పుడు వింటే 'ఇందులో ఏముంది' అనిపిస్తుంది. కానీ ఈ వరుసలో ఒక్క మెట్టు తప్పినా ఏమవుతుందో ఊళ్లల్లో చూస్తూనే ఉన్నాం. మార్కెట్ చూడకుండా పెట్టిన టైలరింగ్ సెంటర్ తాళం పడుతుంది. కుటుంబంతో మాట్లాడకుండా పంపిన అమ్మాయి వారంలో వెనక్కి వస్తుంది.

ఒక సంస్థ కిటుకు.. దేశం దాకా, కెన్యా దాకా

ఈ అనుభవం ఒక్కచోటే ఆగిపోలేదు. మంచి పద్ధతి ఎలా చేతులు మారుతుందో చెప్పడానికి ఇది మనకు దగ్గరలో ఉన్న ఉదాహరణ.

2005లో ఉమ్మడి ఏపీ గ్రామీణాభివృద్ధి శాఖ ఈజీఎంఎం అనే మిషన్‌ను మొదలుపెట్టింది. పల్లె యువతకు తక్కువ కాలంలో శిక్షణ ఇచ్చి ప్రైవేటు ఉద్యోగాల్లో పెట్టడం దీని పని. ఇంగ్లీష్, వర్క్ రెడీనెస్, కంప్యూటర్లు.. ఈ మూడూ కలిపి నేర్పే అకాడమీలు నడిపింది. స్వచ్ఛంద సంస్థలు బస్తీల్లో చేసిన పనిని ప్రభుత్వం పల్లెలకు తీసుకెళ్లడానికి చేసిన ప్రయత్నం ఇది. ఊళ్లో ఎవరికి ఉద్యోగం అవసరమో చెప్పడానికి మహిళా సంఘాలు ఉండటం ఇక్కడ అదనపు బలం.

2014 సెప్టెంబర్‌లో కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ప్రకటించింది. అదే డీడీయూ-జీకేవై. ఉచిత శిక్షణ, ప్లేస్‌మెంట్ తప్పనిసరి, ఉద్యోగంలో చేరాక కూడా సాయం.. ఇవి ఈ స్కీమ్‌లో రూల్స్‌గా మారాయి. ఏపీలో దీన్ని సీడాప్ అమలు చేస్తుంది.

మనుషుల ద్వారా కూడా అనుభవం ప్రయాణం చేసింది. ఈజీఎంఎంను నడిపించిన మీరా షెనాయ్ తర్వాత హైదరాబాద్‌లో యూత్‌ఫర్‌జాబ్స్ సంస్థ పెట్టి, దివ్యాంగ యువతకు ఉద్యోగాలు చూపించే పని మొదలుపెట్టారు. డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్‌లో పనిచేసిన నళినీ గంగాధరన్ క్యాప్ ఫౌండేషన్ ద్వారా ఇలాంటి పద్ధతినే ముందుకు తీసుకెళ్లారు. మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ సాయంతో 2011 నుంచి అది కెన్యాలో కూడా నడుస్తోంది.

హైదరాబాద్ బస్తీ నుంచి కెన్యా దాకా వెళ్లిన పద్ధతి అరకు లోయకు రాలేదా? పేరుకు వచ్చింది. ఏజెన్సీలో ఐటీడీఏ ఆధ్వర్యంలో యువ శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. వాటినే వైటీసీలు అంటారు. అరకు, పాడేరు, చింతపల్లిల్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. స్కీములున్నాయి. అయితే చేతులు మారేటప్పుడు సిలబస్ తేలిగ్గా వస్తుంది. మిగతాది దారిలోనే జారిపోతుంది.

క్లాసుకు ముందు, క్లాసు తర్వాత.. అసలు పని అక్కడే

పవర్ పాయింట్ స్లైడ్లు, ఇంగ్లీష్ పుస్తకం, మాక్ ఇంటర్వ్యూ ప్రశ్నలు.. ఇవి ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. కొండ మీద పనికొచ్చే అనుభవం వేరే ఉంది. దాన్ని ఐదు ముక్కల్లో చెప్పుకోవచ్చు.

1. భాషకు ఎక్కువ టైమ్ ఇవ్వాలి

మైదానంలో పిల్లాడికి ఇంగ్లీష్ రెండో భాష. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇంట్లో పుట్టిన పిల్లాడికి తెలుగే రెండోది, ఇంగ్లీష్ మూడోది. మూడు నెలల కోర్సును ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే ఈ యువత వెనకబడినట్టు కనిపిస్తారు. నిజానికి వాళ్లకు రెండు మూడు భాషలు వచ్చు. అది బలం. టూరిజంలో, ఆసుపత్రిలో, బ్యాంకు కౌంటర్‌లో ఆ బలానికి విలువ ఉంది. రెజ్యూమెలో 'తెలిసిన భాషలు' దగ్గర కువి అని రాయడానికి సిగ్గుపడక్కర్లేదని చెప్పేవాళ్లు కావాలి.

2. కాగితాలు ముందే సరిచేయాలి

ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో తేదీ. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఇది సమస్య అనిపించదు. కంపెనీలో చేరి పీఎఫ్ అకౌంట్ తెరవాలన్న రోజే తెలుస్తుంది. విశాఖకు అరకు దాదాపు 115 కిలోమీటర్లు. లోపలి గూడేల నుంచి మండల కేంద్రానికి రావడమే ఒక పూట పని. అలాంటప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, ఒక సర్టిఫికెట్ కోసం ఊరికొచ్చి వెళ్లడం అంటే కొత్త ఉద్యోగిని సెలవు పెట్టించి పోగొట్టుకోవడమే. అందుకే శిక్షణ మొదటి వారంలోనే కాగితాలు చూడాలి.

3. జీతం లెక్క బోర్డు మీద వేసి చూపించాలి

చాలామందికి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. ఉదాహరణకు నెల జీతం రూ.14,000 అని చెప్పారనుకుందాం. అది మొత్తం పీఎఫ్ లెక్కలోకి వస్తే ఉద్యోగి వాటా 12 శాతం, అంటే రూ.1,680 కట్ అవుతుంది. ఈఎస్ఐకి 0.75 శాతం, అంటే రూ.105. చేతికొచ్చేది రూ.12,215. హాస్టల్‌కు, తిండికి కలిపి రూ.6,000 పోతే మిగిలేది రూ.6,215. అందులోనే బస్సు, ఫోన్, ఇంటికి పంపేది.

ఈ లెక్క ముందు తెలియకపోతే 'కంపెనీ మోసం చేసింది' అనిపిస్తుంది. తెలిస్తే విషయం వేరు. పీఎఫ్ డబ్బు మీదే, దానికి కంపెనీ కూడా తన వాటా కలుపుతుంది. ఈఎస్ఐ కార్డుతో వైద్యం అందుతుంది. కట్ అయిన డబ్బు ఎటు పోయిందో తెలిసినవాళ్లు నెల తిరగ్గానే ఉద్యోగం మానేయరు.

4. మొదటి 90 రోజులు చేయి వదలకూడదు

కొండ మీద నుంచి దిగినవాళ్లకు పని కంటే ఊరే కష్టం. ఒకే గదిలో ఆరుగురు. చోడి అంబలి లేదు, రోజూ అదే మెస్ అన్నం. నైట్ షిఫ్ట్. యాస విని నవ్వేవాళ్లు. సూపర్‌వైజర్ గట్టిగా అరిస్తే తిరిగి ఏమనాలో తెలియదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని ఫోన్ వస్తే సెలవు ఎలా అడగాలో తెలియక, చెప్పకుండా వచ్చేస్తారు. వారం తర్వాత వెళ్లేసరికి ఉద్యోగం ఉండదు.

డీడీయూ-జీకేవై రూపొందించినవాళ్లు ఈ సంగతి ముందే గుర్తించారు. ఉద్యోగంలో చేరాక నెలకు రూ.1,000 చొప్పున సాయం పెట్టారు. సొంత జిల్లాలో చేరితే 2 నెలలు, రాష్ట్రంలోనే వేరే జిల్లా అయితే 3 నెలలు, వేరే రాష్ట్రమైతే 6 నెలలు అని స్కీమ్ మార్గదర్శకాల్లో ఉంది. చేరేముందు ప్రస్తుతం ఏ రూల్ నడుస్తోందో సెంటర్‌లో అడగాలి.

డబ్బుతో పాటు ఒక ఫోన్ నెంబర్ కూడా కావాలి. అర్ధరాత్రి అయినా ఎత్తే మనిషి, 'తమ్ముడూ, రేపు పొద్దున హెచ్ఆర్‌కి ఇలా మెసేజ్ పెట్టు' అని చెప్పే మనిషి. ఒకే ఊరి నుంచి ఒక్కరిని పంపకుండా ఇద్దరు ముగ్గురిని కలిపి పంపడం, ముందే అక్కడ పనిచేస్తున్న సీనియర్‌కు అప్పజెప్పడం.. ఖర్చు లేని పనులే. కానీ ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి.

5. కొండ క్యాలెండర్ కంపెనీకి చెప్పాలి

అరకులో కాఫీ పళ్లు కోసేది దాదాపు నవంబర్ నుంచి జనవరి దాకా. ఆ టైమ్‌లో ఇంట్లో ప్రతి చేయీ కావాలి. చైత్రంలో ఇటుకల పండగ. ఈ రోజుల్లో ఊరికి రాకుండా ఉండటం కష్టం. ముందే తెలిసిన కంపెనీ సెలవులు సర్దుతుంది. తెలియని కంపెనీ 'ఏజెన్సీ పిల్లలు నిలకడగా ఉండరు' అని ముద్ర వేస్తుంది. శిక్షణ ఇచ్చే సంస్థ యువతను కంపెనీకి తయారు చేసినట్టే, కంపెనీని యువతకు తయారు చేయాలి.

అందరూ కొండ దిగాల్సిందేనా?

కెరీర్ అంటే కొండ దిగడమే అనుకుంటే సగం కథే తెలిసినట్టు. మిగతా సగం అరకు కాఫీ చెబుతుంది.

హైదరాబాద్ కేంద్రంగా 1998లో మొదలైన నాంది ఫౌండేషన్ అరకు గిరిజన రైతులతో చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. 2007లో రైతుల సహకార సంఘం ఏర్పాటైంది. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మరోవైపు గిరిజన సహకార సంస్థ జీసీసీ, ఐటీడీఏ, కాఫీ బోర్డు కూడా ఏళ్లుగా కాఫీ మీద పనిచేస్తున్నాయి.

కాఫీ అంటే పళ్లు కోయడం ఒక్కటే కాదు. పల్పింగ్, ఎండబెట్టడం, గ్రేడింగ్, రుచి చూసి మార్కులు వేసే కప్పింగ్, రోస్టింగ్, ప్యాకింగ్, బరిస్టా పని, లెక్కలు, నాణ్యత రికార్డులు.. ఒక్కో మెట్టులో ఒక్కో ఉద్యోగం ఉంది. తండ్రి కాఫీ తోట చూస్తూ పెరిగిన అమ్మాయికి ఈ పనిలో పట్టు తొందరగా దొరుకుతుంది. టూరిజం కూడా అంతే. బొర్రా గుహలకు, వంజంగి మేఘాల కోసం వచ్చేవాళ్లకు గైడ్లు, హోమ్‌స్టేలు, వంటవాళ్లు, బుకింగ్ చూసేవాళ్లు కావాలి.

ఇంకో విషయం. కాలేజీ విద్యార్థులకు ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే మహీంద్రా ప్రైడ్ క్లాస్‌రూమ్‌లను నడిపేది కూడా నాంది ఫౌండేషనే. అంటే కొండ మీద కాఫీ అనుభవం, కింద ఇంటర్వ్యూ అనుభవం.. రెండూ ఒకే సంస్థ గొడుగు కింద ఉన్నాయి. ఇలాంటివి కలిస్తే అరకు డిగ్రీ కాలేజీలో చదివే విద్యార్థికి రెండు దారులూ కనిపిస్తాయి.

దక్షిణాఫ్రికాలో 2011లో మొదలైన హరాంబీ అనే సంస్థ కూడా దాదాపు ఇదే నేర్చుకుంది. ఇంటికి, ఉద్యోగానికి మధ్య దూరం, దాని రవాణా ఖర్చు కూడా లెక్కలోకి తీసుకుని ఉద్యోగాలు చూపించడం మొదలుపెట్టింది. యువతకు దగ్గర్లో దొరికే ఉద్యోగం చిన్న ఉద్యోగం కాదు, నిలబడే ఉద్యోగం.

మరి సంస్థలు ఎందుకు పంచుకోవట్లేదు?

కారణాలు పెద్ద రహస్యమేం కాదు. ఒకే సీఎస్ఆర్ నిధుల కోసం పది సంస్థలు పోటీ పడతాయి. నిధులిచ్చేవాళ్లు అడిగేది ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎంతమందికి ఆఫర్ వచ్చింది అనే. కాబట్టి రిపోర్టులో విజయాలే ఉంటాయి. ఫలానా బ్యాచ్‌లో సగం మంది ఎందుకు తిరిగొచ్చారన్నది ఎవరూ రాయరు. పక్క సంస్థకు అన్నిటికన్నా పనికొచ్చేది మాత్రం ఆ పేజీయే.

రెండోది, అనుభవమంతా ఫీల్డ్ స్టాఫ్ బుర్రలో ఉంటుంది. ప్రాజెక్టు ముగిస్తే వాళ్లు వేరే ఉద్యోగానికి వెళ్లిపోతారు. అనుభవమూ వాళ్లతోనే పోతుంది. మూడోది భాష. మాన్యువళ్లు ఇంగ్లీష్‌లో ఉంటాయి. అరకు వైటీసీలో పాఠం చెప్పే ట్రైనర్‌కు, వెలుగు సంఘం అక్కకు అవి చేరవు.

దీనికి కొత్త భవనం అక్కర్లేదు. వైటీసీ, డిగ్రీ కాలేజీ, మహిళా సమాఖ్య, మండలంలో పనిచేసే సంస్థలు మూడు నెలలకోసారి ఒకచోట కూర్చోవచ్చు. ఎవరు ఎక్కడ చేరారు, ఎవరు తిరిగొచ్చారు, ఎందుకు అన్నది తెలుగులో ఒక పేజీ రాసుకోవచ్చు. తిరిగొచ్చినవాళ్లను తప్పు చేసినవాళ్లలా చూడకుండా, తర్వాతి బ్యాచ్‌కు పాఠం చెప్పించవచ్చు. జాబ్ మేళా లెక్కల్లో 'ఆఫర్లు' పక్కన 'ఆరో నెలలో ఉన్నవాళ్లు' అని ఇంకో గడి పెడితే చాలా మారుతుంది.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు ఇవి అడగండి

* చేతికొచ్చే జీతం ఎంత? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా?
* షిఫ్ట్ ఎన్ని గంటలు? ఓవర్‌టైమ్ డబ్బు ఇస్తారా?
* హాస్టల్ ఎవరిది? అద్దె, తిండి జీతంలో కట్ చేస్తారా?
* వారానికి సెలవు ఎప్పుడు? మొదటి పండగ సెలవు ఎప్పటి నుంచి దొరుకుతుంది?
* మన ప్రాంతం నుంచి అక్కడ ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ల ఫోన్ నెంబర్ ఇస్తారా?
* సమస్య వస్తే శిక్షణ సంస్థలో ఎవరికి ఫోన్ చేయాలి? ఎన్ని నెలల పాటు?

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగితే నమ్మొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలిపెట్టొద్దు, జిరాక్స్ ఇవ్వండి. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఏ సంస్థలోనైనా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అందులో ఎవరున్నారో చేరిన మొదటి వారంలోనే అమ్మాయిలు అడగొచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181, ఉచిత న్యాయ సహాయానికి 15100.

అడిగితే ఉద్యోగం పోతుందేమో అన్న భయం సహజం. కానీ ఈ ప్రశ్నలకు సూటిగా సమాధానం చెప్పే కంపెనీలోనే ఆరో నెల జీతం అందుకునే అవకాశం ఎక్కువ. సమాధానం చెప్పకుండా తప్పించుకునే చోటికి వెళ్లి తిరిగి రావడం కంటే, అరకులోనే ఇంకో మేళా కోసం ఆగడం నయం.